బాగుందే డైలాగు

ఇందుజ పోయి నెల దాటాక, ఏలూరులో ఆమె స్నేహితురాలు బిందు అద్దె గదికి తాడేపల్లిగూడెం నుంచి ఇందుజ తల్లి రత్నమాణిక్యం వచ్చింది. వచ్చింది పలకరింపుకి కాదు, కూతురు సొంతంగా తయారుచేసిన ఆట ఆడటానికి.

“గవ్వలు నేనే వెయ్యాలా?”

“మీరే ఆంటీ. మీరు కొల్లేటి మంత్రగత్తె. నేను మీ పడవ కోసం ఒడ్డున కాచుకున్న పిల్లని.”

“మంత్రగత్తె మా ఇందు వేషం కదూ?”

“ఊఁ. ఎప్పుడూ తనే వేసేదండి.”

“నువ్వేమో తను మనసుపడ్డ పిల్లవి.”

“ఆటలోనండీ. ఆటలోనే. వెయ్యండి, వెయ్యండి.”

“నాలుగు వెల్లకిలా పడ్డాయి.”

“అయితే నీళ్ళ మీద నడవచ్చు. ముందు మీలో మీకు నచ్చింది ఒకటి పైకి చెప్పాలి. అప్పుడే మంత్రం పనిచేస్తుంది.”

“నన్ను నేను పొగుడుకోవాలా? దిష్టి తగలదూ!”

“‘మా అమ్మ ఈ ఆట ఆడితే మొదటి అడుగులోనే మునిగిపోతుంది’ అనేదండి ఇందు.”

“అనేదా, గడుగ్గాయి! సరే, పులిహోర బాగా కలుపుతాను. చాలా?”

“చాలు. విన్నాను. అలా ఎదుటివాళ్ళు ‘విన్నాను’ అంటేనే లెక్కండి.”

“అనకపోతే?”

“ఆ మనిషి నీళ్ళ మీదే ఉండిపోతుంది. ఒడ్డుకీ రాలేదు, మునిగీ పోదు... ఆంటీ? ఏమైందండీ? మంచినీళ్ళు తేనా?”

“వద్దమ్మా. ఒక మాట అడుగుతాను, చెప్పు. ‘అమ్మా, నేను బిందుని ప్రేమించాను. నేనింతే. నాకు నేను నచ్చాను.’ ఈ మాట ఈ ఆటలో ఉందా?”

“అది... మీరెక్కడ విన్నారండీ?”

“ఉందా, లేదా?”

“ఆటలో చాలా మాటలుంటాయండి. అప్పటికప్పుడు పుట్టేవి...”

“అవన్నీ నా దగ్గరే కదమ్మా సాధన చేసేది! నేను తాలింపు పెడుతుంటే వెనకాల నిలబడి ‘కొల్లేటి తల్లీ, దారియ్యి’ అనేది. నేను గరిటె ఎత్తి దీవించేదాన్ని. ఆ పొద్దున ఈ మాట అన్నప్పుడూ అలాగే ఆటనుకున్నాను. ‘బాగుందే డైలాగు’ అని నవ్వాను.”

“నవ్వారా?”

“పడీపడీ నవ్వాను. తనూ నవ్వింది. స్కూటీ తీసుకుని నీ దగ్గరికే బయల్దేరింది. దారిలో గుండుగొలను దాటలేదు.”

“ఆంటీ, ఇంక వద్దండి. ఆట తీసేద్దాం.”

“తియ్యకు. ఇప్పుడు ఆవాలు చిటపటలాడితే చాలు, వెనకాల వచ్చి నిలబడుతోంది. అదే మాట. తిరిగితే ఎవరూ ఉండరు. భయమేస్తోంది బిందూ. కన్నకూతురంటే భయమేస్తోంది. అది ఆట మాటేనని నువ్వంటే, ఆడుకుంటోంది నా తల్లి అనుకుంటాను.”

“ఉందండి. ఆటలో మాటే.”

“నా మొహం చూసి చెప్పు.”

“ఆట మాటేనండి...”

“బిందూ!”

“లేదండి. ఆటలో ఆ పిల్లకి అసలు పేరే లేదు.”

“అయ్యో నా తల్లీ... గుండె చేత్తో పట్టుకుని వస్తే నేను నవ్వానే! ఎంత చిన్నబుచ్చుకుని వెళ్ళిందో! ఆ బాధలో రోడ్డు కూడా కనపడి ఉండదు.”

“చిన్నబుచ్చుకోలేదు ఆంటీ.”

“నన్ను ఓదార్చకమ్మా.”

“ఓదార్పు కాదండి. నాకు ఫోన్ చేసింది. ‘అమ్మకి చెప్పేశానే, నవ్విందే, ఒప్పేసుకుందే!’ అని ఒకటే కేకలు.”

“ఒప్పుకున్నాననుకుందా? బయల్దేరేముందు చేసిందా?”

“కాదండి.”

“మరి?”

“బండి మీద నుంచి. ఇంటికొచ్చాక చెబుదువులే అన్నాను, వింటేనా! నవ్వుతూనే ఉందండి... గుండుగొలను దాకా.”