రెండుసార్లు వచ్చిన పేర్లు

హలో… బాబాయా? … ఆఁ, నేనే. జయప్రకాష్‌ని.

ఆఫీసు నుంచే చేత్తన్నాను. … ఔను, అందరూ ఆరింటి బస్సుకి వెళ్లిపోయేరు. నేనొక్కడినే ఉన్నాను.

ఏటీ లేదు… నీతో ఒక మాట. … కాదు, పిన్నికి ఇవ్వకు. నీతోనే.

తిన్నావా ఏటైనా? … పొద్దుటినుంచీనా? … టీ కూడా తాగలేదా. … పిన్ని ఏటంటోంది వెనకాల? … ఆఁ. మరి ఏడవదేటి.

రిటైర్మెంటు లిస్టు చూసేను బాబాయ్. … పదిహేడో నంబరు. తవిటయ్య, క్రేన్ ఆపరేటరు, స్క్రాప్ యార్డు. … చూడడం ఏటి, పొద్దున్న దాన్ని ప్రింటు తీసి బోర్డుకి పెట్టింది నేనే కదా.

… విను. ముందు నా మాట విను. బంగార్రాజుని తిట్టకు. … ఫోర్‌మాన్ అయితే ఏటి, ఇందులో ఆడి చెయ్యి లేదు. … ఔను, నిన్ను వారం రోజులు క్రేన్ దింపి కింద నిలబెట్టేడు, నిజమే. ఆ కోపంలోనే కదా నువ్వు ముందస్తు రిటైర్మెంటుకి పెట్టీసేవు. అంతవరకే ఆడిది. ఆ తర్వాతది ఆడిది కాదు. … నాకు తెలుసు కాబట్టి చెప్తన్నాను. … ఎలగ తెలుసంటే—

కూర్చున్నావా? … కూర్చో.

నీ రెండో మెయిలు వచ్చింది బాబాయ్. ఆరో తారీకు సాయంత్రం ఐదూ నలభైకి వచ్చీసింది. మన పాప పద్మశ్రీ సాక్చి బజార్లో నెట్ షాపులో కూచుని పంపింది చూడు, అదే. కోపంలో అడిగేను, నాకు రిటైర్మెంటు వద్దు, క్రేన్ మీదే ఉంటాను అని. … ఔను, నీ మాటలే. పాప ఇంగ్లీషులో పెట్టింది గాని ఒక్క ముక్క మార్చలేదు.

… మేనేజరుగారు చదివి పారెయ్యలేదు బాబాయ్. అసలు ఎవరూ చదవలేదు. … ఎవరూ అంటే ఎవరూ. నేను కూడా.

మా ఆఫీసులో శాంతమ్మగారు ఉన్నప్పుడు ఎలగుండీది, గుర్తుందా? వచ్చిన ప్రతీదీ తెరిచి, చదివి, పక్కన పెన్సిల్‌తో గీత పెట్టి, అప్పుడు మేనేజరు సాయెబు టేబులు మీదకి పంపీవారు. ఆవిడ రిటైరైపోయేక ఆ పని నా నెత్తిన పడింది. రోజుకి రెండొందల మెయిళ్లు. చదవలేక… కాదు, చదవగలను. విసుగేసి ఒక మేక్రో రాసేను.

మేక్రో… అంటే చిన్న ప్రోగ్రామనుకో. మెయిలు రాగానే పైనున్న సబ్జెక్టు చూత్తాది. సెలవని ఉంటే సెలవుల ఫోల్డర్లో వేసీత్తాది, కేంటీనని ఉంటే కేంటీన్ ఫోల్డర్లో. వి.ఆర్.ఎస్. అని ఉందా, రిటైర్మెంటు ఫోల్డర్లో పడీసి, పంపినోళ్ల పేరు లిస్టులోకి ఎక్కించీత్తాది. చదివీసినట్టు గుర్తు కూడా అదే పెట్టుకుంటాది. … లోపల ఏటుందో చూడదు. … ఆఁ, అదే, నీ క్రేన్‌కున్న మేగ్నెట్‌లాగే. ఇనుమైతే చాలు, పట్టీసుకుంటాది. పనికొచ్చీదా, తుక్కా అని అడగదు.

మొదటి మెయిలుకి 'అందింది' అని నీకు జవాబొచ్చింది కదా? పాప దానికే రిప్లై నొక్కింది. దాంతో పైన సబ్జెక్టు అదే ఉండిపోనాది. వి.ఆర్.ఎస్. అని. వద్దని నువ్వు రాయించినదాన్ని కూడా కావాలన్నోళ్లలో వేసీసింది.

… పాపనేమీ అనకు బాబాయ్. పిలవకు దాన్ని. … దాని తప్పు కాదు. ఆరోజు నెట్ షాపు నుంచి నాకు ఫోన్ చేసింది. అన్నా, ఇది ఎలగ పంపాలి అని అడిగింది. నేనే చెప్పేను… అడ్రసు కొట్టడం ఎందుకమ్మా, వచ్చినదానికే రిప్లై కొట్టీ అని. అర నిమిషంలో ఫోన్ పెట్టీసేను. టీ చల్లారిపోతోందని.

… ఆఁ. … ఉన్నాను.

ఇంకా ఉంది బాబాయ్. … ఇంతే అయితే మిషను తప్పు అని సరిపెట్టుకుందుము.

సోమవారం లిస్టు తీసేను. యాభై రెండు పేర్లు వచ్చేయి. అందులో ఏడు పేర్లు రెండేసి సార్లు ఉన్నాయి. నీదీ అందులోనే. … అదే మరి. తెరిచి చూడాలా, వద్దా? ఏడంటే ఏడే. పది నిమిషాల పని. … తెరవలేదు. ఏటనుకున్నానో చెప్పనా? యార్డోళ్లు కదా, మౌసు పట్టడం రాదు, ఒకటికి రెండుసార్లు నొక్కీసుంటారు అనుకున్నాను. … నవ్వేను కూడా. పక్క టేబులు అలేఖ్యకి చూపించి మరీ నవ్వేను. రెండోసారి వచ్చినవి ఏడూ లిస్టులోంచి కొట్టీసేను.

… 'యార్డోళ్లు' అనే అన్నాను.

… ఔను. టాటానగర్ స్టేషన్లో నా ట్రంకుపెట్టె నీ భుజాన పెట్టుకు మోసేవు. మాంగోలో మీ ఇంటి వరండాలో ఎనిమిది నెలలు పడుకున్నాను. ఇప్పటికీ ఆదివారమైతే పిన్ని చేతి చేపల పులుసు తింటన్నాను. … ఆడినే, నేనే అన్నాను.

… తిట్టు. … తిట్టవేటి బాబాయ్.

… ఎప్పుడు తెలిసిందా? … ఈరోజే. … ఈరోజు… మధ్యాహ్నం దాటేక…

… కాదు. అబద్ధం చెప్తన్నాను. పదకొండింటికి తెలిసింది.

కేంటీన్లో రొట్టెలు కాల్చీ నూకమ్మ లేదూ, ఆవిడ వచ్చింది. చేతులకి ఇంకా పిండి ఉంది. వద్దని మళ్లీ రాయించేను కదా బాబూ, నా పేరెందుకు పడింది అంది. చూత్తాను, నువ్వెళ్లు అన్నాను. ఆవిడ వెళ్లేక ఆవిడది తెరిచేను. తర్వాత నీది. తర్వాత మిగతా ఐదూ. … అన్నీ ఒకటే. వద్దు, ఉంటాం అని.

గోడ మీద గడియారం చూసేను. పదకొండూ పది.

… ఔను. … ఒంటిగంటకి ముందే, బాబాయ్.

… మేడ మీద, కిటికీ కాడ ఉన్నాను. … చూసేను. … భోజనాల బెల్లు కొట్టేరు. అందరూ కుళాయి కాడ చేతులు కడుక్కుంటన్నారు. నువ్వు హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నావు. బంగార్రాజు కాడికి వెళ్లేవు. … నీకన్నా పదేళ్లు చిన్నోడు ఆడు. … ఆడి కాళ్ల మీదకి వంగేవు.

కిటికీ తెరిచే ఉంది, మాటలు కూడా వినిపించేయి. ఆడు వెనక్కి జరిగిపోయేడు. నాకేటి తెలుసు తవిటయ్యా, నన్నెందుకు అడుగుతావు అన్నాడు. ఆడు నిజమే చెప్పేడు. నువ్వు నమ్మలేదు. మళ్లీ వంగేవు.

మెట్లు పన్నెండు బాబాయ్. దిగి, ఆగు, ఇది నావల్ల అయింది అంటే సరిపోయీది. … దిగలేదు. ఏటి చేసేనంటే… కర్టెన్ లాగీసేను.

… హలో? … ఉన్నావా? … లైను ఉందా?

… భయమేసింది. … శనివారం నాకు పర్మనెంటు కాగితం ఇత్తన్నారు. మూడేళ్లయింది కదా కాంట్రాక్టు మీద. ఆ మేక్రో చూసే ఇత్తన్నారు. పోయిన వారం కలకత్తా హెడ్డాఫీసు నుంచి వచ్చినోళ్లకి సాయెబు సీతారామరావుగారు దాన్నే చూపించేరు, మా కుర్రాడు రాసేడని నా భుజం తట్టి. ఇప్పుడు నేను వెళ్లి, సార్, అది తప్పండి, మనుషుల ఉద్యోగాలు తీసీసిందండి అంటే…

… నిజమే. నీకు ఇరవై రెండేళ్లుగా ఉన్నది పోతోంది. నాకు ఇంకా రానిది పోతాదేమో అని నోరు మూసుకున్నాను. … సిగ్గుగానే ఉంది. సిగ్గుండబట్టే చేసేను ఫోను. కాని ఆరున్నర దాకా చెయ్యలేకపోయేను, అది కూడా నిజం.

బాబాయ్, ఒకటి చెయ్యగలను. … విను. లిస్టు మీద సాయెబు సంతకం ఇంకా పడలేదు. శనివారం పడతాది. ఫైలు నా ఎదురుగానే ఉంది. నీ పేరు తీసీసి, కొత్త ప్రింటు తీసి, రేపు ఎవరూ రాకముందే బోర్డుకి పెట్టీగలను. టైపులో తప్పు పడింది అంటాను. ఒక్క పేరే కదా, ఎవరూ అడగరు. నువ్వు మామూలుగా వచ్చి క్రేనెక్కీ. అంతే.

… ఆఁ?

… నూకమ్మదా.

… నూకమ్మది… ఒక్క పేరైతే టైపు తప్పంటే నమ్ముతారు బాబాయ్. ఏడు పేర్లంటే కూచోబెట్టి అడుగుతారు. ఆళ్ల సంగతి తర్వాత నెమ్మది మీద—

… లేదు. … శనివారం సంతకం పడితే తర్వాత అంటూ ఏటీ లేదు. … తెలుసు. తెలిసే అన్నాను.

… చదవాలా? … నా దగ్గరే ఉన్నాయి. పదకొండింటికే ఏడూ ప్రింటు తీసేను, తారీకులతో. ఎవరికీ ఇవ్వలేదు. మడిచి జేబులో పెట్టుకు తిరుగుతన్నాను. … చదువుతాను.

నూకమ్మ, కేంటీన్. … ఆదిబాబు, గేటు. … వీరరాఘవులు, స్టోర్సు. … ఔను, కళ్లజోడాయన. … హరి మహతో, మోల్డింగు. … రహమత్ అన్సారీ, లేతు. … సుఖ్‌రామ్ సోరెన్, ఫర్నేసు. 'ఇంట్లో అడిగితే వద్దన్నారు' అని ఒక్క లైనే రాయించేడు.

… ఏడోది నీది.

… సరే. రేపు పదింటికి సాయెబు వత్తారు. లోపలికి వెళ్లి ఈ ఏడూ టేబులు మీద పెడతాను. మేక్రో రాసింది నేను, పేర్లు కొట్టీసింది నేను, తెరిచి చూడనిది నేను అని చెప్తాను. … పర్మనెంటు పోతే పోతాది. … లేదు బాబాయ్, ఈసారి ఊరికే అనడం లేదు.

… అది చాలదా? … మరి?

… కుళాయి కాడా.

… అందరి ముందా బాబాయ్?

… ఔను. … ఔను, నువ్వు వంగింది అందరి ముందే కదా.

… ఒంటిగంటకి, బెల్లు కొట్టేక. … బంగార్రాజు కూడా ఉండాలా? … ఉండాలి, నిజమే. ఈ రోజంతా షెడ్డులో ఆడిని అదోలాగ చూత్తన్నారు.

… ఆడి కాళ్లు నేను పట్టుకుంటాను బాబాయ్. నీ కాళ్లు కూడా, అక్కడే—

… వద్దా.

… ఎవరి కాళ్లూ పట్టుకోను. నిలబడి, నోటితో చెప్తాను. … గట్టిగానే. ఫర్నేసు కాడోళ్లకి కూడా వినపడీలాగ. సుఖ్‌రామ్‌కి తెలుగు రాదు, హిందీలో చెప్తాను. … పదకొండింటికి తెలిసిందని కూడా చెప్తాను.

… కర్టెన్ సంగతి కూడానా?

…

… సరే. చెప్తాను.

… నువ్వు దిగి రానక్కర్లేదు బాబాయ్, నేనే… … క్రేన్ మీంచే వింటావా. … సరే. కేబిన్ తలుపు తీసి ఉంచుతావా. … సరే.

బాబాయ్… ఒక్కటి. ఫోన్ పెట్టీకు. … ఆదివారం… పిన్ని ఎప్పట్లాగే నాకూ కలిపి వండుతాదా?

… హలో? … బాబాయ్? … హలో—