జడుపు నీళ్ళు

"మామ్మా, సూరిబాబు మావయ్యకి నువ్వు తాగించిన నీళ్ళ గురించి మా కౌన్సెలింగ్ క్లాసులో చెప్తాను. రికార్డ్ చేసుకోవచ్చా, కెన్ ఆ?"

చేసుకో తల్లీ, ఫోను దగ్గరగా పెట్టు. నా గొంతు పక్కగదికే వినపడదని మీ తాతగారు అనేవారు. ఆవేళ డాక్టరుగారి గదిలో మాత్రం వినపడిందిలే.

సూరిబాబు మా అన్నయ్య కొడుకు. ఊర్నించి సింగపూరొచ్చి ఓడలు బాగుచేసే యార్డులో పనికి చేరాడు. ఆదివారం వచ్చాడంటే మన చోవా చూ కాంగ్ బ్లాకంతా వాడి నవ్వే. ఓరోజు వాడి పక్కనే పనిచేసే కుర్రాడు పైనుంచి పడిపోయాడు. బతికాడులే, అప్పన్న దయ, ఒక కాలే పాపం... సరే. అప్పట్నుంచి వీడికి తిండి లేదు, నిద్ర లేదు, పిలిస్తే పలకడు. డాక్టరు ఏమడిగినా "పర్లేదండి" అనేవాడట. బాగోలేదంటే పని పోయి ఊరికి పంపేస్తారని భయం. మనిషి ఇలా అయిపోతే మా వైపు జడుపు అంటారు.

మా అమ్మ ఇచ్చిన ఇనప అట్లకాడ తీశాను. విజయనగరం సంతలో ముప్పావలాకి కొన్నది, కాదు, అర్ధరూపాయి. మీ నాన్న, "అమ్మా, ఇది సింగపూరు. బావకి డాక్టరు కావాలి, అట్లకాడ కాదు" అన్నాడు. నేను స్టవ్ వెలిగించాను.

అది ఎర్రగా కాలాక చెంబు నీళ్ళలో ముంచితే సుయ్యిమంటుంది. ఆ నీళ్ళు ఊరికే ఇచ్చెయ్యకూడదమ్మా. పేరు పెట్టి పిలవాలి, మనిషి పలకాలి. పలికితేనే చెంబు. "సూరీ, ఉన్నావా?" అన్నాను. పలకలేదు. మళ్ళీ కాల్చాను, మళ్ళీ పిలిచాను. నాకేం తొందర? చివరికి భోరుమన్నాడు. "అత్తా, ఆడు పడిపోతా నన్నే పిలిసినాడు. పేరెట్టి పిలిసినాడు. నాను పలకలేకపోనాను."

ఏడవనిచ్చాను. అప్పుడు పిలిస్తే "ఉన్నానత్తా" అన్నాడు, తాగాడు.

మర్నాడు డాక్టరు దగ్గరికి నేనూ వెళ్ళాను. అక్కడ నర్సొకావిడ వాడి చేతికి నేను కట్టిన దారం చూసి, ఇవన్నీ మానేసి మాత్రలు వేసుకోమంది. "మీ మాత్ర నేను మానిపించను, నా నీళ్ళు మీరు మానిపించకండి" అన్నాను. మీ నాన్న నీళ్ళు నములుతుంటే, "మార్చకుండా ఇంగ్లీషులో చెప్పరా" అన్నాను. డాక్టరు మంచివాడు. కలం కింద పెట్టి, నీళ్ళ సంగతి, పేరు పెట్టి పిలిచిన సంగతి అంతా విని, వాడివైపు తిరిగి "సూరిబాబూ" అన్నాడు.

"ఉన్నానండి" అన్నాడు వీడు. ఆ కుర్రాడి సంగతంతా చెప్పేశాడు.

మాత్రలతోనే నిద్రపట్టింది, కాదనను. యార్డువాళ్ళు కింద స్టోర్సులో పనిచ్చారు. మీ నాన్న ఇప్పటికీ అట్లకాడ అటకెక్కిస్తాడు, నేను దింపుతాను.

మీ క్లాసులో నవ్వితే నవ్వనీ, నువ్వు మాత్రం గొంతు తగ్గించకు. ఇలా రా, తల వంచు. నువ్వు పేరు పెట్టి పిలిస్తే ఎంత జడిసినవాళ్ళైనా పలకాలమ్మా... పలకాలి.