కప్పులో కేబుల్

ఆస్ట్రేలియాలోని మిల్డ్యూరాలో జనవరి ఉదయం, నడి వేసవి. రేకుల కప్పు కాలక ముందే కేబుళ్ళ పనివాడు రస్ దాని కింది అటకలో అంతా చూసుకుని నిచ్చెన దిగాడు. గ్లెనిస్ అప్పటిదాకా కింద నిలబడే ఉంది.

“కేబుల్ పాడవలేదు, గ్లెనిస్ గారూ.”

“మరి బొమ్మ ఎందుకు రాదు?”

“తిరగేసి లాగారు. ఇంత పొడుగు కేబుల్ వన్ వే రోడ్డు లాంటిది. ఒక కొస ప్లేయర్‌కి, రెండోది ప్రొజెక్టర్‌కి. కొసల మీద రాసే ఉంటుంది. ఇక్కడ అటుది ఇటొచ్చింది.”

“వార్విక్ అలా చెయ్యడు. పుస్తకం చదవకుండా బల్బు కూడా మార్చేవాడు కాదు మా ఆయన.”

“చీకట్లో ఎవరికైనా అవుతుంది. నేనూ చేశా ఒకసారి, పబ్బులో. ఫుట్‌బాల్ మొదలయ్యే వేళకి. చిప్స్ విసిరారు నా మీద.”

“టీ తాగుతావా?”

“తాగుతా. ఒకటి అడగనా? పైన కేబుల్ క్లిప్పులు సగం దాకా ఊడదీసి ఉన్నాయి. వేరే ఎవరినైనా పిలిచారా?”

“లేదే.”

“అన్నీ బిగించాక, మళ్ళీ ఒక్కొక్కటే తీస్తూ వచ్చినట్టుంది.”

“సగం దాకానా.”

“సగం దాకా. అక్కడే ఒక చేతి తొడుగు...”

“దాన్ని ముట్టుకోకు.”

“ముట్టుకోలేదు.”

“ఆ రోజు పని అయిపోయిందన్నాడు వార్విక్. దిగి భోంచేశాడు. నేను గిన్నెలు కడుగుతుంటే మళ్ళీ నిచ్చెన చప్పుడు. మిట్టమధ్యాహ్నం, మాడిపోయే ఎండ. మళ్ళీ ఎందుకు అని అరిచాను. పలకలేదు. అంబులెన్స్ వాళ్ళే దించారు.”

“నాకు తెలీదండీ.”

“ఎందుకెక్కావు అని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నా. మధ్యాహ్నమైతే పైన అడుగులు వినిపిస్తాయి.”

“పోసమ్‌లేమో. అటకల్లో దూరుతుంటాయిగా.”

“అవి పగలు పడుకుంటాయి, నాయనా.”

గ్లెనిస్ తలెత్తి కప్పు వైపు చూసింది.

“తిప్పి వేద్దామని ఎక్కాడన్నమాట.”

“అలాగే ఉంది. ఆయన మీతో ఒక మాట చెప్పాల్సింది.”

“చెప్తే నవ్వుతానని.”

“నవ్వేవారా?”

“నవ్వేదాన్నే.”

“టీ వద్దులెండి. చల్లగా ఉండగానే ఎక్కి, దీన్ని లాగేసి కొత్తది వేసేస్తా.”

“తెరని వెనక గోడకి పెడితే? ప్లేయర్ అటు, ప్రొజెక్టర్ ఇటు?”

“బొమ్మ వస్తుంది. కానీ గదంతా తిప్పాలి. అలా ఎవరూ పెట్టుకోరు.”

“పైకి ఇంకెవరూ ఎక్కొద్దు.”

“గ్లెనిస్ గారూ...”

“సోఫా ఆ చివర పట్టుకో, రస్. వార్విక్ సరిగ్గానే వేశాడు. మేమే ఇటు తిరిగి కూర్చున్నాం.”