గూడ్సు బండెళ్ళినా కదలని బాక్సు

తిరుమలరావు గొప్పలు మొదలుపెట్టే ముందు టీ గ్లాసు పక్కన పెట్టేస్తాడు. రెండు చేతులూ ఖాళీగా ఉంటే గాని అతనికి కోతలు సాగవు. ఆవేళ సాయంత్రం కంచరపాలెంలో, రైలు పట్టాల పక్క మా సందు మొదట్లో, పుష్ప టీ కొట్టు ముందు బల్ల మీద కూర్చుని అతను గ్లాసు పక్కన పెట్టేసరికి నాకు నవ్వు రాలేదు. ఇంకో రోజైతే నవ్వుకుంటూ వినేవాణ్ణి. ఆవేళ ఎదురుగా కొండలరావు కూర్చున్నాడు.

కొండలరావంటే మా సందుకి కేబుల్ వేసినవాడు. తుఫానుకి స్తంభాలు పడిపోయినప్పుడు నిచ్చెన భుజాన వేసుకుని ఇంటింటికీ మళ్ళీ తీగ లాగినవాడు. ఈమధ్య అటు సందూ ఇటు సందూ కేబుల్ మానేశాయి. మిగిలింది మేమే. మేమూ వద్దంటే తీగ చుట్టేసుకుని మధురవాడలో ఏ అపార్ట్‌మెంటు గేటు దగ్గరో వాచ్‌మన్‌గా కుర్చీ వేసుకోవాలి. "ఉంచుతారో తీసేత్తారో మేచ్ మొదలయ్యేలోగా సెప్పీయండి" అని వచ్చి కూర్చున్నాడు. టీ తీసుకున్నాడు గాని తాగడం లేదు.

చెప్పాల్సింది అసిరమ్మత్త. ఆవిడ ఊఁ అంటే సందంతా ఊఁ. తిరుమలరావు కొత్తగా తెప్పించానని వారంగా ఊదరగొడుతున్న బాక్సు సంగతి తేలాకే చెప్తానంది. నెట్‌లోంచి సినిమాలు, సీరియళ్ళు, మేచ్‌లు టీవీలోకి దింపే బాక్సట. మాలో ఎవరూ దాన్ని కంటితో చూడలేదు.

"సెప్పరా తిరుమలరావూ," అంది అసిరమ్మత్త. "ఉన్న బాక్సులకీ నీ బాక్సుకీ తేడా ఏటి? ఉన్నదున్నట్టు సెప్పు."

"అన్నియ్యా, అంతకంటే ముందు నీకో మాట," అంది పుష్ప టీ వడపోస్తూ. అమ్మగారి ఊరెళ్ళి ఆ పొద్దుటే వచ్చింది. ఆవిడ లేనన్నాళ్ళూ కొట్టు వాళ్ళాయన చూశాడు.

"ఆగమ్మా పుష్పా, పెద్దోళ్ళడిగినప్పుడు అడ్డు రాకు," అని తిరుమలరావు మొదలెట్టాడు.

"ఉన్నదున్నట్టే సెప్తానత్తా, నాను కోతలు కొయ్యనని నీకు తెల్సు గదా. మొన్న మేచ్ రోజు. ఆకరి ఓవరు. మీ ఇళ్ళల్లో ఏటవుతాది? గూడ్సు బండి పోర్టుకెల్తంటే గోడలదురుతాయి, డాబా మీద కేబులు తీగూగుతాది, టీవీలో బొమ్మ ముక్కముక్కలైపోతాది. అవునా కాదా? కావాలంటే ఈ గోపి బావనడుగు," అని నన్ను చూపించాడు. " ఆరోజు మా ఇంటెనకాల కూడా బండొచ్చింది. గిన్నెలు గలగల్లాడిపోనాయి, గోడ మీద మా తాత ఫొటో అటు తిరిగిపోనాది, మా ఆవిడ తలుపు పట్టుకుని నిలబడిపోనాది. బొమ్మ కదిల్తే ఒట్టు! ఇంజనెల్లిపోనాది, యేగన్లెల్లిపోనాయి, గార్డు పెట్టి కూడా ఎల్లిపోనాది, బంతేసినోడు సెయ్యి పైకెత్తి అలగే ఉన్నాడు."

"బొమ్మ ఆగిపోయుంటాది," అన్నాడు ఆటో జాన్‌బాబు.

"ఆగిపోడమేటి! అదీ క్వాలిటీ అంటే."

"అది కాదు బావా, మా ఇంట్లో స్మార్ట్ టీవీ ఉంది. యాపులన్నీ దాన్లోనే ఉన్నాయి. మా కుర్రోడు కెన్నీ టీవీ ఎనకాల పుల్లలాటిదొకటి గుచ్చినాడు, దాన్లోనూ అయ్యే యాపులు. నీ బాక్సులోనూ అయ్యే గదా. మరి కొత్తగా ఏటొచ్చినట్టు?"

మంచి ప్రశ్న. కొండలరావు తల ఎత్తాడు. నేను కూడా ముందుకు జరిగాను.

"కొత్తగా ఏటొచ్చిందా? బాసొచ్చింది బావా, బాస! మీ రిమోట్లో మాట్లాడితే ఏటవుతాది? దానికి ఇంగ్లీషు కావాల, నేదంటే వార్తలు సదివినట్టు తెలుగు కావాల. మా అత్తలాటోళ్ళు 'నిన్నటి సీరియలెయ్యి' అంటే అది గుడ్లప్పగించి సూత్తాది. నా బాక్సు అలగ కాదు. మొదట్రోజు నాను రిమోటు నోటికాడ పెట్టుకుని 'ఏటే, ఏటున్నాయి ఇయ్యాల?' అన్నాను. అదేటందో తెల్సా? 'ముందు కాళ్ళు కడుక్కుని కూకో బావా, సెప్తాను' అంది. మర్నాటికి మా ఆవిడతో కబుర్లెట్టీసింది. ఇప్పుడు పొద్దున్నే టీవీ ఎయ్యగానే 'ఒదినా, సేపలేటి తెచ్చినావ్' అనడుగుతాది. పులుసులో సింతపండెక్కువైందంటే ఏ సేనల్లో ఒంటల పోగ్రాముందో అదే ఏసి సూపెడతాది."

వెనక బెంచీ మీది ఇద్దరు ముగ్గురు "నిజమేటి?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. వాళ్ళు నవ్వులాటకి కాదు, నమ్మే అడిగారు.

"మన బాస తెలుస్తాదన్నమాట," అని అసిరమ్మత్త చీర కొంగు దోపుకుని లేచింది. "మరింకేటి, పద. మీ ఇల్లెంత దూరం గనక. ఓపాలి సూసేసొస్తే సరిపోతాది."

తిరుమలరావు లేవలేదు. ఒక్క క్షణం అతని మొహంలో గొప్పలన్నీ పోయి భయం కనపడింది. మెడ మీద చెమట తుడుచుకున్నాడు.

"అన్నియ్యా, ఆ బాక్సు గురించే," అంది పుష్ప.

"ఆగమ్మా! అత్తా, నువ్వు కూకో ముందు. ఇప్పుడెల్తే నీకే ప్రమాదం. అంతా సెప్పకూడదనుకున్నాను, సెప్పించేత్తన్నారు. ఆ బాక్సు సంగతి మీకు పూర్తిగా తెల్దు. బావా జాన్‌బాబూ, నువ్వు ఫోన్లో మేచ్ సూసినప్పుడు ఏటవుతాది?"

"పక్కింట్లో కేకలినపడ్డాక మా ఫోన్లో వికెట్ పడతాది," అన్నాడు జాన్‌బాబు. "నెట్లో ఎప్పుడూ కాసింత ఎనకే. కొండలరావు కేబుల్లోనే ముందొస్తాది."

"అదీ! అన్ని బాక్సులూ ఎనకొస్తాయి. నాది ముందొస్తాది. ఎంత ముందో తెల్సా? మొదట్లో నాకూ అర్తం కానేదు. నాను సప్పట్లు కొట్టేసి బయటికొచ్చి సూత్తే సందంతా నిశ్శబ్దం. నాను రెండోసారి పళ్ళు తోముకున్నాక మీ ఇళ్ళల్లో 'సిక్సో' అని కేకలు. తర్వాత్తర్వాత అది మరీ ముందుకెల్లిపోనాది. మొన్నొకడు అవుటైపోనాడు, బాదపడతా టోపీ తీసినాడు, నాను టైం సూసుకుంటే ఆడింకా ఓటల్లో ఇడ్లీ తింటన్నాడు! వాన కూడా అంతే. బాక్సులో వాన పడితే మా ఆవిడ బట్టలు తీసేత్తాది, తీసి మడతెట్టి బీరువాలో ఎట్టీసినాక ఇక్కడ మబ్బేత్తాది."

అసిరమ్మత్త మళ్ళీ కూర్చుంది. కొండలరావు వైపు తిరిగి, వేళాకోళమో నిజమో తెలియకుండా, "నీ కేబుల్లో ముందు తెలుస్తాదేటి?" అంది.

కొండలరావు ఆవిణ్ణి అక్కని పిలిచినట్టు అప్పా అంటాడు. "జరిగింది సూపిత్తానప్పా. జరగంది సూపించడం నా వల్ల కాదు."

తీగ లాగి లాగి కాయలు కట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆ మనిషి ఇలాంటి మాటకి జవాబు చెప్పుకోవలసి వచ్చింది గదా అని నాకు సిగ్గేసింది. తిరుమలరావు మాత్రం అతని వైపు చూడలేదు.

అప్పుడే పట్టాల మీద గూడ్సు బండి వచ్చింది. రేకులు దడదడలాడాయి, అలమరలో బిస్కెట్ల సీసాలు ఒకదాన్నొకటి కొట్టుకున్నాయి. ఆ బల్ల మీదున్న గ్లాసు ఎప్పుడూ ముందు అంచు దాకా నడిచి తర్వాత కింద పడుతుంది, అందుకే బండి కూత వినపడితే అందరం గ్లాసులు చేతిలోకి తీసుకుంటాం. తిరుమలరావు మర్చిపోయాడు. అతని గ్లాసు ఉన్నచోటే ఉంది. పుష్ప గ్లాసుని చూసింది, బల్లని చూసింది, వంగి బల్ల కాళ్ళకేసి చూసింది. లేచి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బండి పోయాక తిరుమలరావు గొంతు తగ్గించాడు.

"ఇంకిది బయటికి పొక్కకూడదు. మొన్న గాలీ వానా వచ్చిన రోజు. బాక్సులో రుషికొండ బీచి కనపడతంది. దూరంగా ఓడ. గాలికి లంగరు తెగిపోనాది. ఓడ రాళ్ళ మీదికొచ్చేత్తంది. జనం అరుత్తన్నారు, పిల్లల్ని సంకనేసుకుని పరిగెడతన్నారు. ఓడ మీద కేప్టెన్ రెండు సేతులూ ఎత్తి దండం పెడతన్నాడు. ఎవుడికి? నాకే! టీవీలోంచి సూటిగా నన్నే సూత్తన్నాడు. మరి నానేటి సెయ్యాల? రిమోటు తీసి పాజు నొక్కినాను. పన్జెయ్యనేదు! సెల్లయిపోనాయి. ఓడ వచ్చేత్తంది. ఇంట్లో సెల్లు నేవు. కొట్టుకెల్లొచ్చేలోగా అంతా అయిపోతాది. సెమటలు పట్టీసినాయి. ఆ తర్వాత ఏటైందో తెల్సా?"

"ఏటైంది?" అన్నాడు జాన్‌బాబు, తనకి తెలియకుండానే.

"గోడ గడియారంలోంచి సెల్లు పీకి రిమోట్లో ఏసి నొక్కినాను. అంతే! ఓడాగిపోనాది. కెరటం తాటిచెట్టెత్తు లేసింది లేసినట్టే ఆగిపోనాది. పొత్తులు కాల్చే ముసిలమ్మ ఇసనకర్ర గాల్లో ఉండిపోనాది. అంతేనేటి? స్టీల్‌ప్లాంటు పొగ ఆకాశంలో బిగుసుకుపోనాది. మా ఆవిడ నన్ను తిడతంది, తిట్టు సగంలో ఆగిపోనాది. బావా, పెళ్ళైన కాణ్ణించి అంత ప్రశాంతం నానెరగను."

"ఊరంతా ఆగిపోతే నువ్వెలగ ఆగలేదు?" అన్నాడు జాన్‌బాబు.

"రిమోటు నా సేతిలో ఉంది గదా! ఇను. పాజైతే పెట్టినాను, ఇప్పుడు ఒదిలితే ఓడ రాళ్ళకి కొట్టుకుంటాది. అప్పుడెనక్కి బటను నొక్కినాను. ఓడ ఎనక్కి, కెరటం ఎనక్కి, జనం ఎనక్కి ఎనక్కి నడుసుకుంటా ఎవుళ్ళిళ్ళకాళ్ళు ఎల్లిపోనారు. కాల్చిన పొత్తులు పచ్చివైపోనాయి. స్టీల్‌ప్లాంటు పొగ మళ్ళీ గొట్టంలోకి దిగిపోనాది. ఇంకాసేపు నొక్కుంటే నా పెళ్ళిసూపుల కాడికెల్లిపోదును, మా అత్తోరి సేతిలో పకోడీల పళ్ళెం కూడా కనపడింది, భయమేసి ఒదిలేసినాను. ఓడ ఆర్బరులో బుద్దిగా నిలబడింది. మర్నాడు కేప్టెన్ తెల్లబట్టలేసుకుని మన సందులోకొచ్చినాడు, మీరందరూ పన్లకెల్లిపోనారు గాబట్టి సూళ్ళేదు. నా రెండు సేతులూ పట్టుకుని 'బావా' అన్నాడు."

"కేప్టెనా?"

"నోరు తిరక్కపోయినా అన్నాడు. ఆయనెంట పెద్దాఫీసర్లు. 'తిరుమలరావు గారూ, ఈ బాక్సెవ్వరికీ సూపించకండి. పదిమందొచ్చి ఎవుడైనా తెల్సో తెల్వకో బటను నొక్కితే ఇశాపట్నం ఆగిపోతాది' అన్నారు. మాటిచ్చేసినాను. అందుకే మిమ్మల్ని ఇంటికి రమ్మన్లేదత్తా. అంతేగాని నాకు దాపరికమేటి? మీరందరూ తలో బాక్సూ తెప్పించీసుకోండి, ఇంక ఆ కేబులు ఒగ్గీయండి. ఊరికే ఏలాడతన్నాది."

కొండలరావు గ్లాసు కింద పెట్టి లేచాడు. "సరే అప్పా. రేప్పొద్దున్నే వచ్చి తీగ ఇప్పేత్తాను," అన్నాడు. తిరుమలరావుకి అప్పటికి అర్థమైంది తన నోరు ఎందాకా వచ్చిందో. మొహం వాడిపోయింది. అయినా వెనక్కి తీసుకునే బటను అతని దగ్గర లేదు.

"కూకో కొండలరావూ," అంది అసిరమ్మత్త. "ఒరే, ఒక్కటి సెప్పు. ఆ బాక్సిప్పుడు ఎక్కడుంది?"

"ఇంట్లోనే అత్తా. బీరువాలో. తాళమేసి. నా ఊపిరున్నంత వరకూ నా కాళ్ళ కాణ్ణించి కదల్దు."

"కదల్దులే అన్నియ్యా," అంది పుష్ప. "ఓపాలి లెగు."

"ఏల?"

"లెగు, సెప్తాను."

తిరుమలరావు లేచాడు. పుష్ప బల్ల ఓ చివర ఎత్తి, జాన్‌బాబుని పట్టుకోమని, కాలి కిందనుంచి అరచేతిలో పట్టేంత అట్టపెట్టె ఒకటి లాగింది. మూల నొక్కుకుపోయింది. పైన టేపు వేసింది వేసినట్టే ఉంది. కొంగుతో దుమ్ము తుడిచి పైన అంటించిన కాగితం జాన్‌బాబుకి చూపించింది. జాన్‌బాబు గట్టిగా చదివాడు: తిరుమలరావు పేరు, ఫోన్ నంబరు, లోపలున్నది ఫలానా కొత్త బాక్సు.

మా సందులో ఇంటి నంబర్లకి వరస లేదు. పార్సిల్ వాళ్ళు వెతికి వెతికి విసిగిపోయి అందరివీ పుష్ప కొట్టులో ఇచ్చేసి పోతారు, పుష్ప పిలిచి ఇస్తుంది. ఆ వారం పుష్ప లేదు.

"మా ఆయన ఫోన్లో సెప్పినాడు, నీకు పేకెట్టొచ్చింది, బల్ల కాడ పెట్టినానని. పొద్దున్నుంచి ఎతుకుతన్నాను. పైన పెట్టినాడనుకున్నాను గాని కింద పెట్టినాడని అనుకోలేదు. సెప్దారంటే నువ్వు నోరు తెరవనిత్తేనా?"

తిరుమలరావు ఆ పెట్టె అందుకోడానికి చెయ్యి చాచి మళ్ళీ వెనక్కి తీసేసుకున్నాడు. "ఇచ్చేసినామని మెసేజొచ్చింది. ఇంటికి రానేదు. ఎవుడో కొట్టేసినాడనుకున్నాను. అప్పటికే అందరికీ సెప్పీసినాను గదా బావా," అన్నాడు నా వైపు చూసి, చిన్నగా. ఆ రోజంతటిలో అతనన్న నిజం అదొక్కటే.

ఎవరో ఫక్కుమన్నారు. దాంతో సందంతా వినపడేలా నవ్వారు. అసిరమ్మత్త నవ్వలేదు.

"ఉండండర్రా. అసలు సంగతి తేలనేదు. ఇప్పుడా బాక్సు మంచిదా కాదా? ఉన్నవాటికంటే మేలా కాదా? సూసినోళ్ళెవరైనా ఉన్నారా?"

"నాను సూసినానత్తా," అంది పుష్ప. "అన్నియ్య మొదట సెప్పింది నిజమే. ఇందాక గూడ్సు బండెల్లింది, ఇసుమంతైనా కదల్లేదు. ఇన్నాళ్ళూ అక్కడ ఇటికముక్క పెట్టేవోళ్ళం. ఇటికకంటే ఇది సానా మేలు. టీవీ సంగతి నాకు తెల్దు."

అసిరమ్మత్త ఆ పెట్టెని తిప్పి చూసి తిరుమలరావు చేతిలో పెట్టింది. "ఇది నీది, నువ్వు పట్టుకెల్లు. పుష్పా, నువ్వు ఇటికముక్క ఎతుక్కో. ఒరే కొండలరావూ, మేచ్‌కి టైమైపోతంది, నా టీవీలో బొమ్మ గీతలు గీతలుగా వత్తంది. ఆ టీ తాగేసి నిచ్చెన పట్రా."

కొండలరావు చల్లారిపోయిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు.