గుడ్డి జీక్, వాళ్ళ వదిన

అమెరికాలో, మిసిసిపీ డెల్టాలో ఒక చిన్న ఊరు. ఆగస్టు ఆదివారం, చర్చి వదిలాక. వెర్నెల్ టేట్ వంటింట్లో ఆమె, ఆమె మరిది జీక్. కాసేపట్లో ఊరి రేడియో మనిషి వస్తుంది.

"మళ్ళీ మొదట్నుంచీ అడుగుతాను. నేనే రేడియో ఆవిణ్ణి అనుకో. టేట్ గారూ, మీ బ్లూస్ పాటల జోడీ ఎలా మొదలైంది?"

"చీపురు తీగతో."

"అంతేనా? అలా ముక్క విరిచినట్టు చెబితే ఆవిడ ప్రోగ్రాం ఏం పెట్టి నింపుకుంటుంది?"

"మా అమ్మ చీపురుకున్న తీగ మా అన్న రూఫస్ ఊడదీశాడు. గోడకి రెండు మేకులు కొట్టి బిగించాడు. సీసా ముక్క పెట్టి నేను వాయించాను. చీపురు విడిపోయిందని అమ్మ మా ఇద్దర్నీ వాయించింది. అదే మొదటి కచేరీ."

"ఇది బాగుంది. ఇలాగే చెప్పు. తర్వాత?"

"నేను గిటార్ కొన్నాను. రూఫస్ మౌతార్గాన్ కొన్నాడు. శనివారాలు జనం చేపలు వేయించుకు తినేచోట వాయించేవాళ్ళం. వాడు పోయాక ఆ మౌతార్గాన్ నువ్వు అందుకున్నావు. అయిపోయింది."

"మధ్యలో ఒకటి మింగేశావు."

"ఏది?"

"కళ్ళు, జీక్. కళ్ళు."

"కాఫీ ఉందా వదినా?"

"నీ ముందే ఉంది. అటు కాదు, ఇటు. ఇదిగో, ఒలకబోశావు! నా వంటింట్లో టికెట్ కొన్నవాళ్ళెవరూ లేరు మరిదీ. ఇక్కడెందుకు ఈ వేషాలు?"

"అలవాటు."

"నలభై ఏళ్ళ అలవాటు స్టేజీ మీదే ఉండేది. ఇప్పుడు ఇంట్లోకీ వచ్చిందా? మొన్న నా కుక్క తోక తొక్కావు. ఇవాళ చర్చికి ఒక కాలికి నల్ల బూటు, ఇంకో కాలికి గోధుమరంగు బూటు. చర్చి పెద్దల పెళ్ళాలంతా నీ కాళ్ళకేసే చూపు."

"రెండూ మెత్తగానే ఉన్నాయి."

"పైగా పాస్టర్ గారు నీ చూపు కోసం ప్రార్థన చేయించారు. చర్చంతా చేతులెత్తింది. నేనూ ఎత్తాను. ఎత్తిన చెయ్యి ఎక్కడ దాచుకోవాలో తెలీలేదు."

"మంచి ప్రార్థన. కాస్త పొడుగైంది."

"సిగ్గులేదు నీకు."

"వదినా, నాకు నిజంగా కనబడదంటే నమ్ముతావా?"

"డెల్టా అంతా నమ్మింది. నేను నమ్మను. ట్రక్కు కింద పడుకుని, పంటితో టార్చి పట్టుకుని, బోల్టు బిగించినవాడివి నువ్వు. నా కళ్ళతో చూశాను."

"అది నిజమే."

"మరి ఉన్నదున్నట్టు చెప్పడానికేం? పత్తి ఏరే రోజుల్లో గిటార్ పట్టుకుని రోడ్డు మీద కనబడ్డ నల్లవాణ్ణి షెరీఫ్ పట్టుకునేవాడు. పనీపాటా లేదని కేసు రాసి చేలోకి తోలేవాడు. అవునా?"

"అవును."

"గుడ్డివాణ్ణి వదిలేసేవాడు."

"గుడ్డివాడు పత్తి ఏం ఏరుతాడు?"

"అందుకని మీ అన్న నీకు నల్ల కళ్ళద్దాలు తగిలించాడు."

"గుడ్డివాడి చెయ్యి పట్టుకు నడిపించేవాడు ఒకడుండాలి కదా. అలా వాణ్ణీ వదిలేశారు. కళ్ళద్దాలు ఒక జత, బయటపడ్డది ఇద్దరం. రూఫస్‌కి బుర్రెక్కువ."

"చూశావా! ఇది వింటే జనం చప్పట్లు కొడతారు. ఆ షెరీఫూ పోయాడు. ఇంకా ఎవరికి భయం?"

"పోస్టర్ల మీద గుడ్డి జీక్ అని ఉంది."

"ఉత్త జీక్ అని వేయిద్దాం."

"ఉత్త జీక్‌లు ఊరి నిండా ఉన్నారు."

"నవ్వించకు. విను. చర్చిలో ఆడవాళ్ళ సంఘానికి నన్ను పెద్దని చేశారు. ఆదివారం పూట సత్యం గురించి పాఠం చెప్పి, శనివారం అబద్ధం పక్కన కూచుని ఊదలేను. ఇవాళ రేడియోలో పుట్టుగుడ్డినని అన్నావో, మీ అన్న మౌతార్గాన్ పెట్టెలోకి పోతుంది. ఆ పైన నువ్వొక్కడివే వాయించుకో."

"ఒక్కణ్ణే కుదరదు."

"ఏం? చేతులున్నాయి, గొంతుంది."

"స్టేజీ దాకా ఎవరు తీసుకెళ్తారు?"

"ట్రక్కేసుకుని పో. ఓహో, మేనల్లుడికి ఇచ్చేశావుగా! క్రిస్మస్ నుంచీ నీకేదో తిక్క పట్టింది. ట్రక్కు వద్దు, డామినోలు వద్దు, పేపర్ వద్దు."

"డామినోల్లో నువ్వు తొండి చేస్తావు."

"మాట తప్పించకు. నిజం చెబుతావా, చెప్పవా?"

"అడిగినదానికి అడిగినంత."

"మీ అన్న మీద ఒట్టు?"

"రూఫస్ మీద ఒట్టు. నిజం చెబితే నాతో ఉంటావా వదినా?"

"ఊపిరున్నంత కాలం ఊదుతాను. చాలా? ముందు ఆ కళ్ళద్దాలు తియ్యి."

"ఇదిగో, తీశాను."

"హమ్మయ్య. ఇన్నాళ్ళకి మనిషి మొహంలా ఉంది. నా మొహం ఎలా ఉందో చెప్పు, పౌడరు ఎక్కువైందా?"

"అలాగే ఉంది."

"ఎలాగ?"

"రూఫస్ ఉన్నప్పటిలాగే."

"పో, పొగిడింది చాలు. అదిగో, కారు ఆగింది. ఆవిడే. రండి మిస్ పెటవే, లోపలికి రండి! తలుపు తీసే ఉంది. ఇతనే మా మరిది. జీక్, ఆవిడ చెయ్యి చాపింది. ఇటు. కిటికీ వైపు."

"ఎండలో వచ్చారు మేడమ్. కూర్చోండి."

"పర్లేదు టేట్ గారూ. టేపు తిరుగుతోంది, మొదలుపెట్టేద్దామా? మీ జోడీ పేరులోనే ఉంది కాబట్టి ముందు అదే అడుగుతాను. ఏమీ అనుకోకండి. మీకు పుట్టుకతోనే చూపు లేదా?"

"పుట్టినప్పుడు ఉందమ్మా. పోయిన క్రిస్మస్ దాకా బాగానే ఉంది."