మొదట కాగితం, తర్వాతే చెయ్యి

1922 జూలై 3, సోమవారం నాడు శ్రీ అబ్దుల్ గఫార్ గారు నరసరావుపేటలోని మా చరిత్ర సంఘంలో శాసనాల అచ్చులు తీసే పనికి చేరారు. రాళ్ళు కొట్టే కుటుంబంలో జన్మించిన ఆయన, తడి కాగితాన్ని శిల మీద పరిచి, కుంచెతో తట్టి, సిరా అద్ది, శతాబ్దాల నాటి అక్షరాలను కాగితం మీదికి రప్పించే విద్యను రెండేళ్ళలో వశం చేసుకున్నారు.

1931 నుంచి సంఘం ఆ అచ్చులను బడులకు పంపసాగింది. మాచర్లలో, గురజాలలో, క్రోసూరులో గోడకు అచ్చు వేలాడదీసి, "మీ ఊరి సంగతే ఇది, చదవండయ్యా" అని గఫార్ గారు నిలబడితే, పుస్తకంలో ఢిల్లీ రాజులను మాత్రమే ఎరిగిన పిల్లలు తమ చేలగట్ల వైపు కొత్తగా చూసేవారు.

1943లో ఈపూరు పొలాల్లో, పాత బావి పక్కన ఒక దానశాసనం బయటపడింది. మర్నాడే పిల్లలను తీసుకువస్తానని బడి నుంచి యోహాను మాస్టారు కబురు పంపారు. బావి తవ్వించిన మనిషి పేరున్న చివరి పంక్తి బాగా అరిగిపోయి ఉంది. ముందు అచ్చు తీసి, ఆ తర్వాతే రాతి మీద చెయ్యి వేయాలన్నది సంఘం నియమం. పిల్లలకు కనబడాలన్న ఆత్రంలో గఫార్ గారు ఆ నియమం తప్పి, తండ్రి ఇచ్చిన ఉలితో, తోచినట్టుగా ఆ పంక్తిని లోతుగా చెక్కారు.

మర్నాడు పిల్లలు 'సూరమ' అని చదివి పలకల మీద రాసుకుంటుండగా, ఆ చేను యజమానురాలు కోటమ్మ వంగి చూసింది.

"ఏందయ్యా సాయిబూ, నిన్నటిదాకా ఈడ ఇంత లోతు లేదే. నువ్వు గాని గోకావా ఏంది?"

ఆయన గోళ్ళ సందుల్లో ఇంకా రాతిపొడి ఉంది.

"గోకానమ్మా. ఆ పేరు నేను చదివింది గాదు, అనుకుంది." పిల్లల వైపు తిరిగి, "తుడిచెయ్యండి నాయనా" అన్నారు.

పలకలు తుడిచారు. కాని అసలు పేరు తెలిసే దారి ఇక లేకుండా పోయింది.

కార్యదర్శి గురవయ్య గారు, ఆయన మీద ప్రేమతోనే, "ఊరుకోవయ్యా గఫారూ, రాయి వచ్చి సాక్ష్యం చెబుద్దా?" అన్నారు.

"చెప్పదండీ. అందుకే నేను చెప్పాల."

నాటి నుంచి, చెక్కిన తర్వాత తీసిన ఆ శాసనం అచ్చును ఏ బడికి తీసుకువెళ్ళినా, చివరి పంక్తి మీద తెల్లకాగితం అంటించి, ఆ ఖాళీ ఎలా వచ్చిందో తానే వివరించేవారు. "నీకు సిగ్గుగా లేదా తాతా?" అని మాచర్లలో ఒక పిల్ల అడిగింది.

"చానా ఉంది తల్లీ. కాయితం వేసినా కప్పబడటంలా."

అయినా ఆనాటి పిల్లలు ఇళ్ళకు మోసుకెళ్ళిన పేరు పలకల మీది పేరులా చెరగలేదు. ఈపూరులో ఇప్పటికీ అది సూరమ్మ బావే. ఆ పేరే తలచుకుని బావి గట్టుకు పసుపు రాస్తున్నారు. మొన్న ఒక ఆడపిల్లకు అదే పేరు పెట్టారు. ఆ మాట వచ్చినప్పుడల్లా గఫార్ గారు కుంచె కడుక్కుంటూ కూర్చుంటారు.

ఈ 1949 మార్చి 31న ఆయన పదవీ విరమణ చేస్తున్నారు. ఆ అచ్చు ఇకపై మరొకరి చేతుల్లో బడులకు వెళుతుంది. ఆ ఖాళీని ఆయనలా చెప్పగలిగినవారు మాలో లేరు. సహధర్మచారిణి సైదాబీ గారితో కలిసి గఫార్ గారు ఆరోగ్యంగా చిరకాలం జీవించాలని కోరుకుంటున్నాం. ఆ బావి తవ్వించింది ఎవరని ఏ పిల్లవాడైనా వచ్చి అడిగిన రోజున, తెలియదని చెప్పడానికి ఆయన ఉండాలి.