రోశమ్మ వడ్డించిన ముక్క

"మీ ఇంటికే వస్తామురా. మీ అమ్మ వండింది తిని, మల్లిని నాకిమ్మని మా వాళ్ళతో అక్కడే అడిగిస్తా." ఈ మాట నీదే గదా మహేష్ అన్నా? అర్ధవీడులో, మా ఎస్సీ కాలనీలో, నా చెల్లి మల్లి ఎదురుగానే అన్నావు. మరి ఇదేంది? మార్కాపురంలో ఈ బార్బెక్యూ హోటలు ఏంది?

కారు పక్క చూడొద్దు. మీ అమ్మానాయన ఏసీలో చల్లగనే ఉన్నారు. నన్ను చూడు.

చర్చిలో కుర్చీలు అడిగి తెచ్చింది మా అమ్మ రోశమ్మ. వాకిలంతా సున్నం కొట్టింది. పొద్దున్నే నీ ఫోను! "అక్కడ ఇరుకవుతది, టేబుల్ బుక్ చేసినా." ఇరుకంట! కాలేజీ సంఘం కరపత్రాలు నెత్తికింద పెట్టుకొని మా మంచంలో ఎన్ని మధ్యాహ్నాలు నిద్రపోయినావు? అప్పుడు ఇరుకు కాలేదా?

సరే, వచ్చినాము. నల్లకోటు మనిషి తలుపు తీసినాడు. చేతులు తుడుచుకోను వేడి గుడ్డలిచ్చినారు. టేబుల్ నడుమ నిప్పులు, చువ్వలకు గుచ్చిన మాంసం. "పొయ్యి తెచ్చి బల్లలోనే పెట్టినారే!" అని మా అమ్మ ఎంత సంబరపడింది! మీ నాయన కూడా నవ్వినాడు. ఆ కాసేపు నిన్ను మన్నించినానన్నా, నిజంగా.

అప్పుడే గదా, మా అమ్మ చువ్వ మీది ముక్క తీసి మీ అమ్మ ప్లేట్లో పెట్టింది. "తిను వదినా, బాగా కాలింది." కాబోయే వియ్యపురాలికి పెట్టకుండా తాను ఎట్ల తింటది?

"బాబూ, ఇది చల్లారింది, వేరే ప్లేటు ఇవ్వు." ఎంత మెత్తగా అన్నది మీ అమ్మ!

ఏం తప్పు పడతాం? అక్కడ అడక్కుండానే ప్లేట్లు మారుస్తా ఉంటారు. నల్లకోటు మనిషి సారీ కూడా చెప్పినాడు. మా తాతకు టీకొట్లో వేరే గ్లాసు పెట్టినవాళ్ళకు ఈ మర్యాద తెలీదు పాపం.

నువ్వు చూసినావు. చూడలేదనొద్దు. చూసి ఏం చేసినావు? టేబుల్ మీద చిన్న జెండా, అది నిలబడినంతసేపు తెస్తానే ఉంటారంట; ఇంక చాలు, తేవద్దని దాన్ని పడుకోబెట్టినావు. నాతో ఎన్ని జెండాలు ఎత్తించినావన్నా! "సమానత్వం కంచం దగ్గర మొదలుకావాలి" అని నా గొంతు పోయేదాకా అరిపించినావే!

మెట్లు దిగుతా మా అమ్మ ఒకటే మాటన్నది. "పొగలొస్తా ఉండె గదరా, ఆ ముక్క."

అంతే. అదిగో, రోడ్డవతల బస్సు కోసం నిలబడింది. మల్లి ఆమె చెయ్యి పట్టుకొని ఉంది. ఇటు చూడటమే లేదు.

మీ అమ్మను మార్చమని అడగను. నువ్వు రా, ఒక్కడివే అయినా. మా అమ్మ పెట్టింది తిని, మల్లిని చేసుకుంటానని మా వీధిలో నిలబడి చెప్పు. లేదా, చేసుకోనని మల్లి ముఖం మీదే చెప్పు. ఫోన్లో కాదు.

మీ నాయన హారన్ కొడతా ఉన్నాడు, పో.

ఏప్రిల్ పద్నాలుగున రమ్మందామనుకున్నా. వద్దులే, ఆ రోజు నీకు సభలుంటాయి. వచ్చే ఆదివారం, ఫిబ్రవరి పదహారు. పొద్దు గుంకేలోగా.